అత్తగారి పొడుగు కాడ మగ్గు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని వీధి వీధంతా ఆయిలు బాబాయి అంటుంది. ఆయనకన్నా వయసులో పెద్దవాడైన ఇస్త్రీబండి ఆయన కూడా "బాబాయ్" అనే పిలుస్తాడు, బాబాయి కూడా ఏమీ అనుకోకుండా పలుకుతాడు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన దగ్గరికి ఏ మిషను వచ్చినా, దాని జబ్బేమిటో అడక్కముందే ఓ చుక్క నూనె వేస్తాడు. "ముందు చుక్క, తరవాతే మాట" అన్నది ఆయన సిద్ధాంతం. సూది విరుగుతోందన్నా చుక్కే, దారం తెగుతోందన్నా చుక్కే. ఒకావిడ తన మిషను అమ్మిపెట్టమని తీసుకొస్తే దానికీ చుక్క వేసి, అది గలగలా తిరగడం చూపించి, అమ్మే ఆలోచనే మాన్పించి పంపేశాడు.

నవ్వుకుంటే నవ్వుకోవచ్చు గానీ పనిలో మాత్రం ఆయనకి వంక పెట్టలేం. బట్టలకొట్టు పక్కన సందులాంటి గది ఆయన కొట్టు. అందులో ఒక బల్ల, ఒక దీపం, గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. ఏ మర ఏ సొరుగులో ఉందో కళ్ళు మూసుకుని తీస్తాడు. భుజం మీద ఎప్పుడూ ఒక గుడ్డ వేలాడుతూ ఉంటుంది. అది మొదట్లో ఏ రంగో ఆ గుడ్డకే తెలియాలి. విప్పిన ప్రతి ముక్కనీ తిరిగి బిగించేముందు ఆ గుడ్డతో పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడుస్తాడు. దుమ్ము పోవాలి, ముక్క మీద సన్నటి నూనె పొర మిగలాలి. అదీ పద్ధతి. చేసీ చేసీ ఆ తుడుపు ఆయనకి రెప్ప వెయ్యడం లాంటిదైపోయింది. చేస్తున్నట్టు ఆయనకే తెలియదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మన బాబాయి రచ్చ గెలిచి, ఇంటికి రాగానే చిత్తుగా ఓడిపోయేవాడు. ఇంట్లో విరిగేవి ఇనప మిషన్లు కావు, ప్లాస్టిక్ సామాన్లు. వాటికి మరలుండవు, జిగురు కావాలి. ఆ జిగురుకీ బాబాయికీ పుట్టుపగ. ఆయన అతికించిన సబ్బుపెట్టె మూత సబ్బు పెట్టేలోపే ఊడింది. ఆయన అతికించిన గోడగడియారం చెవి ఊడి, గడియారం వచ్చి అన్నం తింటున్న ఆయన పక్కనే పడింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ప్రతిసారీ "ఈ కాలం జిగుర్లన్నీ కల్తీ" అనేవాడు. ఆయన భార్య ఏమీ అనేది కాదు. ఇంట్లో కూర్చుని జాకెట్లకి కాజాలు కుట్టే ఆవిడకి నోట్లో ఎప్పుడూ సూదో దారమో ఉంటుంది కాబట్టి అనడానికి వీలు కూడా ఉండేది కాదు. వీధి ఆవిణ్ణి పిన్ని అంటుంది. బాబాయి భార్య పిన్ని కాక మరేమవుతుంది?

అనాల్సినవన్నీ అనడానికి ఆ ఇంట్లో వేరే మనిషి ఉంది. పిన్ని వాళ్ళ అమ్మ, అంటే బాబాయికి అత్తగారు.

అత్తగారు ఒక పెద్ద ఆస్పత్రిలో ఆయాగా పనిచేసి, పని మానేశాక చాలాకాలం ఒంటరిగానే ఉంది. ఒకసారి మెట్ల మీద పడి కుడి భుజం పట్టేసింది. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి మోచేతి ఎత్తు దాటి పైకి లేవదు. రెండో చెయ్యి ఏనాటి నుంచో వణుకుతుంది. అప్పుడు పిన్ని వెళ్ళి తల్లిని తెచ్చుకుంది. ఒంటి కన్నా నోరు గట్టిది ఆవిడకి. అయితే అల్లుడితో నేరుగా మాట్లాడదు. తగాదా ఏమీ లేదు. పెళ్ళినాడు మొదలైన మొహమాటం, ఎవరూ వదిలించకపోతే అలా ఉండిపోయింది. ఇద్దరూ ఒకే గదిలో, ఎదురెదురుగా కూర్చున్నా సరే, మాట మాత్రం పిన్ని మీదుగానే వెళ్ళాలి.

"అమ్మాయ్, ఫ్యాను కాస్త తగ్గించమని మీ ఆయనకి చెప్పవే."

"తగ్గించానని మీ అమ్మకి చెప్పు."

"మరీ ఇంత తగ్గించమన్నానా అని అడుగు."

పిన్ని నోట్లో సూది పెట్టుకుని ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసేది. ఆవిడ చెప్పాల్సిన పనిలేదు, ఆవిడ అక్కడ ఉంటే చాలు.

ఇక మగ్గు సంగతి. అత్తగారికి ఒక నీలం రంగు స్నానం మగ్గు ఉంది. దాని కాడ అందరి మగ్గులకున్నట్టు చెవిలా ఉండదు, గరిటె కాడలా మూర పొడుగుంటుంది. కొంచెం వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు వల్ల చెయ్యి పైకెత్తకుండానే, మోచెయ్యి ఒంటికి ఆనించుకునే, నీళ్ళు ముంచి నెత్తి మీద పోసుకోవచ్చు. ఎప్పుడో ఆస్పత్రి దగ్గర తోపుడుబండి మీద కొన్నదట. అది చేతిలో ఉన్నంతకాలం ఆవిడ బాత్‌రూములో స్టూలు మీద కూర్చుని, లోపల గడియ పెట్టుకుని, తన స్నానం తాను చేసేది. లోపల్నించి పాటలాంటిదేదో వినిపించేది. అది పాటో తిట్టో ఎవరూ అడగలేదు.

ఒక ఉదయం బాబాయి ఇంట్లోనే ఒక మిషను విప్పి కూర్చున్నాడు. దారం చుట్టుకునే చిన్న చక్రం, బాబిను, దొర్లి బీరువా కిందికి పోయింది. చెయ్యి పట్టదు. చుట్టూ చూశాడు. దండెం పక్కన ఆరబెట్టిన నీలం మగ్గు, దానికి చక్కటి పొడుగు కాడ. మగ్గు పట్టుకుని కాడ లోపలికి పోనిచ్చి, గెలికి, చివరికి కాస్త ఎత్తాడు. టప్పుమంది. బాబిను రాలేదు. కాడ కూడా బీరువా కిందే ఉండిపోయింది. బాబాయి చేతిలో మగ్గు మాత్రం మిగిలింది.

మంచం మీంచి గొంతు వచ్చింది. "అమ్మాయ్, ఆ విరిగింది నాదా, మీ ఆయనదా?"

పిన్ని వంటింట్లోంచి వచ్చి చూసి నోరు నొక్కుకుంది.

"సాయంత్రానికల్లా అతికించి ఇస్తానని చెప్పు," అన్నాడు బాబాయి. "పాతబడ్డ ప్లాస్టిక్కు. ఈవేళ కాకపోతే రేపైనా విరిగేదే."

"పాతబడ్డవన్నీ అలా బీరువా కిందికి తోస్తే ఈ ఇంట్లో నేనూ మిగలనని చెప్పు," అంది అత్తగారు.

బాబాయికి చురుక్కుమంది. ముందు కొత్తది కొందామనే చూశాడు, పాపం. సామాన్ల కొట్లన్నీ తిరిగాడు. అన్నిటా చెవి మగ్గులే. పొడుగు కాడది కావాలంటే ఒకాయన పూలకుండీలకి నీళ్ళు పోసే డబ్బా చూపించాడు. దాని ముక్కుకి చిల్లులు. దాంతో అత్తగారు స్నానం చేస్తున్నట్టు ఊహించుకుని, బాబాయి ఏమీ కొనకుండా ఇంటికొచ్చేశాడు.

మొదట తెచ్చింది క్షణంలో అంటుకునే జిగురు. చిన్న ట్యూబు, పెద్ద గర్వం. అది మగ్గుకి అంటుకునేలోపే బాబాయి బొటనవేలికి అంటుకుంది, వేలికి దినపత్రిక అంటుకుంది. ఆ సాయంత్రమంతా ఆయన వేలికి వార్తలు వేలాడుతూనే ఉన్నాయి. అయినా కాడ నిలబడింది. మర్నాడు పొద్దున అత్తగారు మగ్గు తీసుకుని లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది. బాబాయి వసారాలో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. ఒక్క మగ్గు ముంచింది. దబ్బుమని చప్పుడు.

"అమ్మాయ్! కాడ నా చేతిలో ఉంది, మగ్గు బకెట్లో ఈత కొడుతోంది. వచ్చి చూసుకోమని మీ ఆయనకి చెప్పు... వద్దులే, రావద్దని చెప్పు!"

తరవాత వడ్రంగి సలహా మీద చెక్కకి వాడే తెల్లజిగురు వచ్చింది. "బీరువా తలుపునే పట్టి ఉంచింది, ఇదో లెక్కా?" అన్నాడు వడ్రంగి. అది నీళ్ళు తగలగానే కరిగి బకెట్టంతా పాలు విరిగినట్టయింది. ఆ తరవాత గొట్టాలు బిగించే ఆయన తన డబ్బాలోంచి ఇంత గొట్టాల జిగురు గీకి ఇచ్చాడు. "ట్యాంకు నీళ్ళనే ఆపుతుంది బాబాయ్." ట్యాంకు నీళ్ళని ఆపిందేమో గానీ అత్తగారి కాడని ఆపలేకపోయింది. ఆ జిగురు గొట్టాన్ని కాస్త కరిగించి మరో గొట్టంలో కలిపేస్తుంది, అదీ దాని విద్య. ఈ మగ్గు కరిగే జాతి కాదు. చివరికి రెండు ట్యూబుల్లోంచీ సమానంగా తీసి కలిపే ఘనమైన జిగురు. అది రాత్రంతా గట్టిపడి రాయయింది. బాబాయి కాడ పట్టుకుని మగ్గుని గాల్లో ఊపి చూపించాడు, వీధిలోకి కూడా వెళ్ళి చూపించాడు. మర్నాడు రెండు మగ్గులు పోసుకునేదాకా ఆగి, మూడో మగ్గుకి ఆ రాయిలాంటి జిగురు అరటితొక్క ఒలిచినట్టు మొత్తం ఊడొచ్చింది. ఒక్క పొర కూడా మగ్గు మీద మిగల్లేదు.

ఇంతవరకూ ఇది నవ్వులాటే. కానీ అత్తగారికి స్నానం లేదు. చెవి మగ్గుని ఆవిడ చెయ్యి నెత్తి దాకా ఎత్తలేదు. పిన్ని "నేను పోస్తానమ్మా" అని లోపలికి వెళ్ళబోతే తలుపు మూసేసింది. తడి తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుని బయటికొచ్చేది. తల తడిపి ఎన్నాళ్ళయిందో. పాట కూడా ఆగిపోయింది. పిన్ని బతిమాలింది, కోప్పడింది, వంటింట్లోకెళ్ళి ఏడ్చింది. ఏడ్చాక ఒక నిర్ణయానికొచ్చింది.

"సోమవారం నుంచి ఒక ఆయాని పెడుతున్నానమ్మా. రోజూ వచ్చి స్నానం చేయించి వెళ్తుంది. ఇంక నీ మాట వినను."

నోటికి ఏదొస్తే అది అనే అత్తగారు గోడవైపు తిరిగి పడుకునేసరికి బాబాయికి భయమేసింది. ఆవిడ తిట్టినప్పుడు ఎప్పుడూ వెయ్యని భయం. విరిచింది తను. అతకనిదీ తన చేతిలోనే. సోమవారం లోపల ఆ కాడ నిలబడకపోతే ఆ గదిలోంచి పాట శాశ్వతంగా పోతుంది.

పౌరుషం పక్కన పెట్టి ఇనపకొట్టుకి వెళ్ళాడు. ఆ కొట్టు నడిపే ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని అడిగింది. "జిగురు ఏ ప్లాస్టిక్కుకి బాబాయ్?"

"ప్లాస్టిక్కంటే ప్లాస్టిక్కే. అందులో కులగోత్రాలేమిటి?"

"ఉన్నాయి మరి. ఓ చిన్న ముక్క చెక్కి నీళ్ళలో వెయ్యి. మునిగితే మామూలు జిగుర్లు పడతాయి. తేలితే అది మైనం జాతి, దానికి ఏదీ పట్టదు. వేరేది కావాలి."

బాబాయి ఇంటికొచ్చి, కొట్టావిడ చెప్పిందంతా పిన్నికి చెబుతూనే బకెట్టు నింపి మగ్గంతా అందులో వదిలాడు. అది హాయిగా తేలింది. "తేలింది! తేలింది!" అని కేకపెట్టాడు.

గోడవైపు తిరిగి ఉన్న అత్తగారు ఇక ఉండలేకపోయింది. "అమ్మాయ్, ఖాళీ మగ్గు తేలక మునుగుతుందా? ఇనప బాణలి వేసినా తేలుతుందని చెప్పు. ముక్క చెక్కి వెయ్యమంది గదా ఆ కొట్టావిడ, ఇందాకట్నుంచీ ఆయనే చెప్తున్నాడు!"

బాబాయి కాడ చివర గోరంత ముక్క చెక్కి వేశాడు. అదీ తేలింది. మళ్ళీ కొట్టుకి పరుగెత్తాడు. ఇనపకొట్టు ఆవిడ ఒక పెట్టె ఇచ్చింది. అందులో రెండు బుడ్డి సీసాలు. ఎలా వాడాలో విడమరిచి చెప్పింది. విరిగిన అంచులు గరుకు కాయితంతో రుద్దాలి. శుభ్రంగా తుడవాలి. మొదటి సీసాలోది పల్చగా పూసి ఆరనివ్వాలి, మైనం జాతికి జిగురు రుచి నేర్పేది అదే. అప్పుడు రెండో సీసాలోని జిగురు వేసి, ఆరేదాకా కదపకుండా పట్టుకోవాలి.

బాబాయి తు.చ. తప్పకుండా చేశాడు. రుద్దాడు, తుడిచాడు, పూశాడు, అతికించాడు, పట్టుకున్నాడు. పొద్దున ఊడిపోయింది. ఈసారి బాత్‌రూము దాకా కూడా వెళ్ళలేదు. గూట్లోంచి తీస్తుండగానే కాడ ఒకవైపు, మగ్గు ఒకవైపు.

ఆదివారం మధ్యాహ్నం. పిన్ని ఆ ఆయాతో మాట్లాడి రేపటికి ఖాయం చేసుకుని వస్తానని బయలుదేరింది. వెళ్తూ వెళ్తూ, "మీరింక దాన్ని వదిలెయ్యండి. అమ్మ మొహం చూడలేకపోతున్నాను," అంది. బాబాయి వదల్లేదు. సీసాల్లో ఇంకా ఒక్కసారికి సరిపడా ఉంది. గదిలో కింద కూర్చున్నాడు. ఎదురుగా మంచం మీద అత్తగారు. మధ్యలో పిన్ని లేదు.

అంచులు గరుకు కాయితంతో రుద్దాడు. మొదటి సీసా మూత తిప్పాడు. పూసేముందు, ఇనపకొట్టు ఆవిడ చెప్పినట్టు శుభ్రం చెయ్యాలి గదా, భుజం మీది గుడ్డ తీసి రెండు అంచులూ ప్రేమగా, ఒకటికి రెండుసార్లు తుడిచాడు.

అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. "అమ్మా..." అని మొదలుపెట్టి అమ్మాయి లేదని గుర్తొచ్చి ఆగింది. అటూ ఇటూ చూసింది. చివరికి మగ్గువైపు తిరిగింది.

"ఒసేయ్ మగ్గూ, ఆయనకి చెప్పవే. నీ ఒంటికి అంత నూనె పట్టిస్తే ఏ జిగురు నిలబడుతుందే అని అడగవే."

మగ్గు ఏమంటుంది? బాబాయికి ఆ మాట తన గురించని తట్టనే లేదు. పెద్దావిడ మగ్గుతో మాట్లాడుతోందని కంగారుపడి, ఇదంతా తన వల్లే వచ్చిందని బాధపడుతూ, కుంచె సీసాలో ముంచాడు. అంచు దాకా తీసుకొచ్చాడు.

"నాయనా, ఆగు!"

బాబాయి చెయ్యి గాల్లో ఆగిపోయింది. పెళ్ళయినప్పట్నుంచీ ఆవిడ తనని పిలవడం అదే మొదలు. ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

"నిన్నే! ముందా గుడ్డ అవతల పారెయ్యి. నూనె డబ్బా మీద కాయితం అంటించావా ఎప్పుడైనా? అంటుకుంటుందా?"

బాబాయి గుడ్డ వైపు చూశాడు. చేతుల వైపు చూశాడు. గోళ్ళ కింద, గీతల్లో, వేళ్ళ సందుల్లో ఇన్నేళ్ళ నూనె. సబ్బుపెట్టె మూత కళ్ళముందు కదిలింది. గోడగడియారం కదిలింది. కల్తీ అని తిట్టిన జిగుర్లన్నీ వరసగా వచ్చి నిలబడి తన వైపు చూస్తున్నట్టనిపించింది. ఇనప మిషన్ని బతికించే చెయ్యే ఇంట్లో ప్రతి అతుకునీ చంపుతోంది. మైనం జాతి మగ్గుకి మామూలు జిగురు ఎలాగూ పట్టదు, నిజమే. పట్టే జిగురు తెచ్చి కూడా దాని నోట్లో నూనె పోశాడు.

"చేతులు కడుక్కుని వస్తానండీ," అన్నాడు నీరసంగా.

సబ్బుతో కడిగాడు. బూడిదతో తోమాడు. అత్తగారు ఆ చేతులు దగ్గరికి తెమ్మని, డాక్టరమ్మలా తిప్పి తిప్పి చూసి, వాసన చూసి, "లాభం లేదు. ఇది చర్మం కాదు, నూనెగుడ్డే," అని తేల్చేసింది. "ఇలా ఇవ్వు. నేను చేస్తాను. నా భుజమే పాడైంది, ఈ చేతి వేళ్ళు కావు."

పని తారుమారైంది. అల్లుడి రెండు చేతులకీ రొట్టె పొట్లం కవర్లు తొడిగి, మగ్గు కదలకుండా పట్టుకునే పని అప్పజెప్పింది. విరిగినచోట ఆసరాగా కట్టడానికి ఒక బద్ద కూడా కావాలంది. బాబాయి పాత నీలం బకెట్టు అంచు నుంచి, తేలుతుందో లేదో చూసి మరీ, ఒక బద్ద కోశాడు. అత్తగారు అన్నిటినీ మళ్ళీ గరుకుగా రుద్దింది. మందుల పెట్టెలోంచి సూది గుచ్చేముందు తుడిచే స్పిరిట్టు తీసి, కొత్త దూదితో అంచులు తుడిచింది. మొదటి సీసాలోది పూసింది, ఆరనిచ్చింది, రెండోది వేసింది, కాడని మగ్గుకి, అతుకు మీద బద్దని ఆనించి వేళ్ళతో బిగించింది. ఆవిడ కాడ వైపు, ఆయన మగ్గు వైపు. ఇంక ఇద్దరూ కదలకూడదు.

కదలకుండా కూర్చున్న ఇద్దరు మనుషులు ఎంతసేపు మాట్లాడకుండా ఉంటారు? ముందు బాబాయే నోరు తెరిచాడు.

"పాతబడి విరగలేదండీ. బీరువా కింద బాబిను తియ్యబోయి నేనే విరిచాను."

"తెలుసు. ఆ బాబిను కూడా ఇంకా అక్కడే ఉంది."

కాసేపటికి మళ్ళీ అడిగాడు. "కూతురే గదండీ పోస్తానంది. పోనీ ఆ ఆయా పోస్తుంది. అంత కష్టమా?"

అత్తగారు కాడ మీంచి కళ్ళెత్తలేదు. "నేను జన్మంతా ఎవరెవరికో పోశాను నాయనా. మంచాల మీద పడున్నవాళ్ళకి. మంచివాళ్ళు, పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళు. మగ్గు ఎత్తగానే కళ్ళు గట్టిగా మూసుకునేవాళ్ళు. నీళ్ళు కళ్ళలో పడతాయని కాదు. నన్ను చూడలేక. నేనెంత మెత్తగా పోసినా, ఎన్ని కబుర్లు చెప్పినా, కళ్ళు తెరిచేవాళ్ళు కాదు. చేతనైనన్నాళ్ళు నా నీళ్ళు నేను పోసుకోవాలని అప్పుడే అనుకున్నాను. చేతకాని రోజు వస్తుంది, నాకు తెలియదా? వచ్చినప్పుడు నేనూ కళ్ళు మూసుకుంటాను. కానీ ఒక ప్లాస్టిక్ కాడ విరిగినందుకు ఆ రోజు ముందే రావడం నాకు నచ్చలేదు."

పిన్నికిలా తన నోట్లోనూ ఒక సూది ఉంటే బాగుండుననిపించింది బాబాయికి.

"ఊడనివ్వనండీ," అన్నాడు చివరికి. "ఈ ఒక్కటీ ఊడనివ్వను."

"ఊపిరి పీల్చుకో ముందు. నీ ఊపిరి బిగింపుకి మగ్గు ఊగుతోంది."

జిగురు ఆరింది. బద్ద కూడా అతికింది. అప్పుడు బాబాయి కవర్లు విప్పి, బీరువా సొరుగులోంచి తోలు సంచులు కుట్టే గట్టి దారం కొత్త రీలు తీశాడు. అతుకు మీద ఒక పొర ఆరిన జిగురుంది కాబట్టి ఇక ఆయన చేతులు తగిలినా భయం లేదు. బద్దనీ కాడనీ కలిపి దారం చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా, వరస తప్పకుండా. ఎక్కడ ఎంత బిగువుండాలో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. దాని మీద అత్తగారు మిగిలిన జిగురంతా ఆఖరి చుక్క దాకా పూసింది. ఆవిడ ఆ చుట్లు వేలితో తడిమి చూసి, "ఈ పని వచ్చు నీకు," అంది. బాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జిగురు ఘాటు అని చెప్పాడు. కొంత నిజమే.

పిన్ని తిరిగొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. తల్లీ మొగుడూ ఒకే మగ్గుని చెరోవైపూ పట్టుకుని ముక్కూ ముక్కూ ఆనేంత దగ్గరగా వంగి ఉన్నారు. కొట్టుకుంటున్నారనుకుని చేతిలో సంచీ వదిలేసింది.

"ఏమైందండీ? అమ్మా, ఏమైందే?"

"ఉష్! ఆరేదాకా మాట్లాడించకు," అన్నారిద్దరూ ఒక్కసారే.

సోమవారం పొద్దున్నే ఆయా వచ్చింది. మంచి మనిషి, నిబ్బరంగా ఉంది. కొంగు బిగించి, "పెద్దమ్మని తీసుకురండి," అంది. అత్తగారు ఆవిణ్ణి కిందినుంచి పైదాకా, పాత ఆయా కొత్త ఆయాని చూసే చూపు చూసి, "కాస్సేపు కూర్చోమ్మా," అని నీలం మగ్గు తీసుకుని లోపలికెళ్ళింది. గడియ పడింది.

పిన్ని తలుపు దగ్గర నిలబడింది. ఆయా వసారా గట్టు మీద కూర్చుంది. బాబాయి కూర్చోలేక, నిలబడలేక, అరిచేతులు తువ్వాలుకేసి రుద్దుకుంటున్నాడు.

మొదటి మగ్గు. నీళ్ళు పడిన చప్పుడు. ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. రెండోది. మూడోది. బాబాయి మూడోదానికి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నీళ్ళు పడ్డాయి. ఆ తరవాత ఇక ఆగలేదు. బకెట్టు నిండే చప్పుడు, ముంచే చప్పుడు, పోసుకునే చప్పుడు, మళ్ళీ కుళాయి, మళ్ళీ మగ్గు. మధ్యలో ఆ పాటో తిట్టో మొదలైంది. మొదట సన్నగా, తరవాత వీధి గుమ్మం దాకా.

ఆయా కాసేపు విని లేచి చెప్పులేసుకుంది. "ఈవిడకి నేనెందుకమ్మా? కావాల్సినప్పుడు కబురు పెట్టండి. తొందరేం లేదు," అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

ఎంతకీ ఆవిడ బయటికి రాదే! పిన్నికి కంగారు పుట్టింది. తలుపు కొట్టింది. "అమ్మా, బాగానే ఉన్నావా? ఎంతసేపే?"

"ఉండవే! మానేసిన రోజులన్నిటిదీ కలిపి పోసుకుంటున్నాను!"

పోసుకుంది. ట్యాంకు అడుగంటి కుళాయి గుర్రుమనేదాకా పోసుకుంది. అప్పటికి కరెంటు కూడా పోయింది, మోటారు వేద్దామన్నా దిక్కులేదు. తల తుడుచుకుంటూ, బుగ్గలు ఎర్రబడి, పదేళ్ళు తగ్గినట్టు బయటికొచ్చిన అత్తగారిని చూసి పిన్ని ఏడుస్తూ నవ్వింది. ఆ రోజు ఆ ఇంట్లో గిన్నెలు తోమడానికి నీళ్ళు లేవు, మొహం కడుక్కోవడానికి లేవు. బాబాయి స్నానం చెయ్యకుండానే కొట్టుకి వెళ్ళాడు. అంత హాయిగా, అంత శుభ్రంగా ఉన్నట్టు ఆయనకి ఎప్పుడూ అనిపించలేదు.